ఆటలో కనబడు ఆలోచన

తరగతిలో ఉపాధ్యాయుడు ఒక లెక్క ఇచ్చును. పిల్లలందరు పుస్తకములలో ఏదో ఒక అంకె వ్రాసి చూపుదురు. ఒప్పైనచో ఒప్పు, తప్పైనచో తప్పు. అంతటితో ఆ కథ ముగియును. కాని ఒప్పు వ్రాసిన పిల్లవాడు నిజముగా ఆలోచించి వ్రాసెనో, నిన్న బట్టీపట్టిన పద్ధతిని అర్థము తెలియకయే నేడు దించెనో ఆ అంకె చెప్పదు. తప్పు వ్రాసినవాడు తొమ్మిది మెట్లు సరిగా ఎక్కి పదవ మెట్టున జారెనో, మొదటి మెట్టే ఎక్కలేదో అదియు చెప్పదు. వచ్చిన అంకె ప్రయాణికుడు దిగిన ఊరు వంటిది. అతడు ఏ దారిన వచ్చెనో దానివలన తెలియదు.

పిల్లలు చిక్కులను విప్పు శక్తిని తెలిసికొనగోరువారికి కావలసినది ఆ దారియే. అది కనబడు చోట్లలో ఆట ముఖ్యమైనది. ఆటలో ప్రతి ఎత్తును చేతితో వేయవలెను గనుక మనస్సులోని ఆలోచన కాయగానో గింజగానో పలకమీదకు వచ్చి నిలుచును. చూచు కన్ను ఉన్నయెడల దానిని చదువవచ్చును.

ఇందులకు దూరదేశములకు పోనక్కరలేదు. విజయవాడనుండి మైలవరము మీదుగా భద్రాచలము, జగదల్పూరు వైపు సాగు జాతీయ రహదారిపై తిరువూరు ఉన్నది. 2022 వరకు కృష్ణా జిల్లాలో నుండిన ఈ పట్టణము ఆ సంవత్సరమున ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. చుట్టును మామిడితోటలు, కొంచెము ముందునకు పోయినచో తెలంగాణ సరిహద్దు. ఇట్టి ఊళ్ళలో వేసవి మధ్యాహ్నములు బయటకు అడుగుపెట్టనీయవు. ఆ వేళ అరుగులమీదను, వసారాలలోను ఆడుటకే మన పెద్దలు వామనగుంటలు, పులి-మేక, అష్టాచెమ్మా, దాడి, అచ్చనగండ్లు మొదలగు ఆటలు నిలుపుకొనిరి. నేడు చేతిలోనికి ఫోను వచ్చిన పిమ్మట ఇవి మునుపటంత విరివిగా కానరావు. ఐనను ఇంటిలో అమ్మమ్మనో నాయనమ్మనో అడిగినచో ఆమె చేతులు ఆ ఆటలను మరచియుండవు.

మొదట వామనగుంటలు చూతము. రెండు వరుసలుగా, వరుసకు ఏడు చొప్పున, పదునాలుగు గుంటలు ఉండును. కొందరి యిండ్లలో మడచుటకు వీలైన చెక్కపలక కలదు; లేనివారు నేలమీదనే గుంటలు తీసికొందురు. ఒక్కొక్క గుంటలో ఇన్ని గింజలని పోయుదురు. నాలుగో, ఐదో, ఆరో అనునది ఊరిని బట్టియు, ఒక్కొక్కప్పుడు వీధిని బట్టియు మారును. మనము ఐదు చొప్పున పోసితిమనుకొందము. మొత్తము డెబ్బది చింతగింజలు. ఆటగాడు తన వరుసలోని ఒక గుంటనుండి గింజలన్నియు తీసి, తరువాతి గుంటలలో వరుసగా ఒక్కొక్కటి వేయుచు పోవలెను. చేతిలోని గింజలు అయిపోగానే ఆ ప్రక్క గుంటలోనివి తీసి మరల పంచవలెను. ఇట్లు పంచగా పంచగా ప్రక్క గుంట ఖాళీగా తగిలినచో, ఆ ఖాళీ గుంట తర్వాతి గుంటలోని గింజలు ఆటగానికి దక్కును. వాని వంతు ముగియును. ఆ తర్వాతి గుంటయు ఖాళీయే ఐనచో ఏమియు దక్కదు. నియమములలో భేదములు అనేకమున్నవి గాని మనకు ఇది చాలును.

గుర్తు కొరకు మన వరుసలోని గుంటలకు ఎడమనుండి కుడికి 1 మొదలు 7 వరకు అంకెలు వేయుదము. ఎదుట కూర్చున్న వాని వరుసకు, వాని ఎడమనుండి కుడికి, 8 మొదలు 14 వరకు వేయుదము. పదునాలుగవ గుంట తర్వాత మరల ఒకటవ గుంట వచ్చును. ఇప్పుడు మన ఆట. ఒకటవ గుంటలోని ఐదు గింజలు తీసి 2 నుండి 6 వరకు పంచితిమి. ప్రక్కనున్న 7లోని ఐదు తీసి 8 నుండి 12 వరకు పంచితిమి. తర్వాత 13లోని ఐదు తీసి 14, 1, 2, 3, 4 గుంటలలో వేసితిమి. 5లో ఇప్పుడు ఆరు ఉన్నవి. వానిని 6 నుండి 11 వరకు పంచితిమి. 12లోని ఆరు తీసి 13, 14, 1, 2, 3, 4 గుంటలలో వేసితిమి. ప్రక్కనున్న 5 ఖాళీ. కావున దాని తర్వాతి 6లో నున్న ఏడు గింజలు మనవి.

ఒకటవ గుంటకు బదులు మూడవ గుంటతో మొదలుపెట్టినచో ఎన్ని దక్కును? ఇక్కడనే పిల్లలలోని భేదము బయటపడును. ఒకడు గింజలు మరల సర్ది, ఆట మొదటినుండి ఆడి, ఏడు వచ్చినవని చెప్పును. నాలుగవ గుంటతో నన్నచో మరల సర్దును. వాని ఓర్పు మెచ్చదగినదే. మరియొకడు రెండు మారులు ఆడి చూచి మూడవ మారు చేయి ఆపును. “ఎచట మొదలుపెట్టినను ఏడే గదా!” అనును. ఎందుకని అడుగగా, గుంటలన్నిటిలో గింజలు సమానముగా ఉన్నవి, గుంటలు చుట్టును తిరుగుచున్నవి, కాబట్టి ఏ గుంటయైనను ఒకటే అని తన మాటలలో చెప్పును. వానికి సౌష్ఠవమను పెద్ద మాట తెలియదు. ఆ మాట వెనుకనున్న విషయము తెలిసినది. వీరిద్దరిని కాగితముమీద పరీక్షించినచో ఇద్దరును ఏడు అని వ్రాసియుందురు. ఇద్దరికిని సమానమైన మార్కులు వచ్చియుండును.

ఇక రెండవ ఆటగాని వంతు. మనము ఏడు గింజలు తీసికొన్న తర్వాత అరువదిమూడు మిగిలినవి. మన వైపు 1లో రెండు, 2, 3, 4 గుంటలలో ఎనిమిదేసి, 7లో ఒకటి ఉన్నవి. 5, 6 ఖాళీలు. వాని వైపు 8, 9, 10, 11, 14 గుంటలలో ఏడేసి, 13లో ఒకే ఒక్క గింజ ఉన్నవి, 12 ఖాళీ. ఇప్పుడు అన్ని గుంటలు ఒకటి గావు. చాలమంది పిల్లల చేయి మొదట నిండు గుంటవైపు పోవును. ఎక్కువ గింజలు తీసిన ఎక్కువ గింజలు వచ్చునని తోచుట సహజము. 8వ గుంట తీసి ఆడుదురు, చేయి పలక చుట్టు ఎంతయో తిరుగును, గింజలు గలగలలాడును, చివరకు దక్కునవి మూడు. 13వ గుంటలోని ఒంటిగింజను ఎవరును లెక్కచేయరు. దానిని తీసి 14లో వేయుడు. ప్రక్కనున్న 1లోని రెండు గింజలు 2, 3 గుంటలలో పడును. 4లోని ఎనిమిది 5 మొదలు 12 వరకు పోవును. తర్వాతి 13 ఖాళీ. దానిని దాటి 14లో నున్న ఎనిమిది గింజలు వాని వశమగును.

ఒంటిగింజను తీయుటకు ముందు పిల్లవాడు ఏమి చేయునో చూడవలెను. వ్రేలు గాలిలో ఆడించుచు గుంటలను లెక్కించునా? పెదవులు కదలునా? ఒక గుంటపై చేయి వేసి, తీయక, మరియొక గుంటకు మరలునా? ఆ చేయి మరలుటయే మిక్కిలి విలువైన గుర్తు. మనస్సులో ఆట ఆడి చూచి, ఫలితము బాగుండలేదని తెలిసికొని, వేరొక దారి పట్టెనన్నమాట. చిక్కు విప్పుట యనగా చాలవరకు ఇదియే: లక్ష్యము నెరుగుట, ఉన్న దారులను పోల్చుట, ఒక దారి చెడినప్పుడు దానిని విడుచుట. గడియారము పట్టుకొని త్వరపెట్టినచో ఈ మూడవది కనబడకుండపోవును. పరీక్షకు వేగమే కొలత యనుకొనువారు ఈ ఆట ఒక్క మారు చూచిన బాగుండును.

పులి-మేక ఆట మరియొక గుణమును బయటపెట్టును. త్రికోణాకారముగా గీసిన గీతలమీద మూడు పులులు, పదునైదు మేకలు; ఇరువదిమూడు కూడళ్ళు. ఈ లెక్కయు ఊరిని బట్టి మారును. మేకలవాడు తన మేకలను ఒక్కొక్కటిగా పెట్టవలెను. అన్నియు పెట్టువరకు దేనిని కదల్పరాదు. పులి తన ప్రక్కనున్న మేకను దాటి, సరళరేఖలో ఆవలి కూడలి ఖాళీగా ఉన్నచో, అచ్చటికి దుమికి మేకను చంపును. పులులు కదలలేకుండ కట్టివేసినచో మేకలవాడు గెలుచును. ఇరువైపుల బలములు గాని, నడకలు గాని, గెలుపు గాని ఒకటి కాని ఆట ఇది. అందుచేత మేకలవాడు తన కాయలను చూచినంతమాత్రమున చాలదు. పులి కన్నుతో పలకను చూడవలెను. వెనుక కూడలి ఖాళీగా ఉన్నచోట మేకను పెట్టుట చావునకు పంపుటయే. దీనిని ఒక మేక పోగానే గ్రహించు పిల్లలున్నారు. ఐదు మేకలు అదే తీరున పోయినను గ్రహింపని పిల్లలున్నారు. మరికొందరు ఒక మేకను తెలిసియే బలియిచ్చి, పులిని మూలకు రప్పించి, వెనుకనుండి దారి మూయుదురు. పెద్దవారు సైతము తడబడు పన్ని యది.

ఇక్కడ ఉపాధ్యాయుడు చేయదగిన ప్రయోగమొకటి కలదు. ఆట సగములో నుండగా ఇద్దరిని చోట్లు మార్చుకొనుమనవలెను. ఇంతవరకు మేకలాడినవాడు పులులకు యజమాని యగును. తాను భయపడిన కూడళ్ళనే ఇప్పుడు వెదకునా? వెదకినచో, తాను నేర్చినదానిని ఒక వైపునుండి మరియొక వైపునకు తీసికొని పోగలిగెనని అర్థము. ఈ శక్తి లేనిదే చదువు పుస్తకము దాటి బయటకు రాదు.

అష్టాచెమ్మా విషయములో మాత్రము జాగ్రత్త వలయును. నాలుగు గవ్వలు వేయగా పడినదాని ననుసరించి కాయ నడచును. గవ్వలు పడుట అదృష్టము. చిన్నవాడు పెద్దవానిని ఓడించుట ఈ ఆటలో నిత్యము జరుగును. దాని అందమును అదియే. గెలిచినవాడు తెలివిగలవాడని ఇచట చెప్పరాదు. కాని పడిన లెక్కతో ఏ కాయను నడపుట అనునది ఆటగాని ఇష్టము. గవ్వలను వదలి ఆ ఎంపికను మాత్రము చూచినచో ఈ ఆటయు మాటాడును. ఆటలన్నిటికి ఈ మాట వర్తించును: పరీక్షించువాడు చూడవలసినది ఎత్తులను, గెలుపును గాదు.

మేధాశక్తిని కొలుచు ప్రయత్నము ప్రపంచములో ఎట్లు మొదలైనదో తెలిసికొన్నచో ఈ మాటకు గల బరువు తెలియును. 1904లో ఫ్రాన్సు దేశమున చదువులో వెనుకబడిన పిల్లల విషయము విచారించుటకు ప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. ఏ పిల్లలకు ప్రత్యేకముగా సాయము కావలెనో ఎట్లు కనిపెట్టుట? ఉపాధ్యాయుని మాట నమ్మినచో, అల్లరివాడును మందమతుల పట్టికలో చేరవచ్చును. అందుచేత ఆల్ఫ్రెడ్ బినే అను పండితుడు థియొడోర్ సిమోన్ తో కలసి 1905లో ముప్పది చిన్న చిన్న పనులతో ఒక పరీక్షను కూర్చెను. సాయమెవరికి వలయునో తెలిసికొనుటయే అతని ఉద్దేశము. పిల్లవాని నుదుట చెరగని ముద్ర వేయుట అతనికి సమ్మతము గాదు.

కాని పరీక్ష సముద్రము దాటి అమెరికా చేరగానే ముద్రయే మిగిలెను. ఓడలలో వచ్చిన వలసవారిని న్యూయార్కు రేవునందలి ఎల్లిస్ ద్వీపములో నిలిపి, భాష తెలియనివారికి దుబాసీల ద్వారా ఇట్టి ప్రశ్నలు వేయించి, హెన్రీ గొడ్డార్డ్ అను పండితుడు 1913 ప్రాంతమున వారిలో చాలమందిని మందమతులని నిర్ణయించెను. దినములకొలది సముద్రయానము చేసి, అలసి, భయముతో నిలిచిన పల్లెటూరి మనుష్యుడు ఎరుగని దేశపు ప్రశ్నలకు ఏమి చెప్పగలడు? అదే ద్వీపములో వైద్యుడుగా పనిచేసిన హోవర్డ్ నాక్స్ ఈ ఇబ్బందిని గుర్తించెను. మాట అక్కరలేని చెక్కముక్కల ఆటలు అతడు సిద్ధపరచెను. నాలుగు దిమ్మలు వరుసగా పెట్టి, వానిని ఒక క్రమములో తట్టి చూపి, అట్లే తట్టుమనుట అందులో ఒకటి. ముక్కలు కూర్చి మనుష్యుని ముఖము నిర్మించుట మరియొకటి. పిల్లల ఆటసామగ్రి వంటి ఆ ముక్కలు పరీక్షలో మాటలకు రాని న్యాయమును కొంతవరకు చేసినవి.

మన దేశమున ఈ దారి పట్టినవారిలో చంద్రమోహన్ భాటియా ముఖ్యుడు. ఉత్తరప్రదేశములో చదువు వచ్చినవారు, రానివారు అను భేదము లేక పదునొకండు మొదలు పదునారేండ్ల బాలురను పరీక్షించి, ఆయన 1955లో తన పద్ధతిని గ్రంథరూపమున వెలువరించెను. అందు ఐదు పనులు గలవు. రంగుల దిమ్మలను చిత్రములోనున్నట్లు అమర్చుట వానిలో మొదటిది. ఇది అమెరికాలో కోస్ అనునాయన కల్పించినది. రెండవది అలెగ్జాండరు కల్పించినది: చిన్న పెట్టెలో ఎఱ్ఱని, నీలపు బిళ్ళలుండును, వానిని పైకెత్తక ప్రక్కలకు జరుపుచునే ఒక కొన నున్నవానిని రెండవ కొనకు చేర్చవలెను. ఇరుకు సందులో రెండు ఎద్దుబండ్లు ఎదురుపడినప్పుడు బండివారు పడు అవస్థ జ్ఞప్తికి వచ్చును. తక్కిన మూడును గీతలతో ఆకృతి గీయుట, విన్నదానిని వెంటనే మరల చెప్పుట, ముక్కలు కూర్చి బొమ్మ చేయుట. అక్షరము రాదన్నంతమాత్రమున ఆలోచన రాదని తలపరాదను నమ్మకము ఈ పరీక్షల వెనుక నున్నది.

స్విట్జర్లాండు దేశీయుడైన జా పియాజే పిల్లల గోలీలాటను పరిశీలించిన తీరు మరింత సులభమైనది. ఆయన పిల్లలయొద్దకు పోయి, తనకు ఆట రాదన్నట్లు, నేర్పుమని అడిగెను. పిల్లలు నేర్పుచుండగా నియమములు ఎక్కడినుండి వచ్చినవి, మార్చవచ్చునా అని ప్రశ్నించెను. చిన్నపిల్లలు ఒకే చోట కూర్చుండియు ఎవరి ఆట వారే ఆడుకొనుచుండుటయు, పెద్దపిల్లలు నియమమును అందరి ఒప్పందముగా గ్రహించుటయు ఆయన కనుగొనెను. 1932లో వెలువడిన ఆయన గ్రంథములో ఇది విపులముగా గలదు. ఆట నేర్పుమని అడుగుట మన బడులలో ఏ ఖర్చును లేక చేయదగిన పని. నేర్పువాడు ఏది ముందు చెప్పును, ఏది మరచును, ఎదుటివానికి అర్థము కాలేదని ఎట్లు గుర్తించును అను వానిలో వాని బుద్ధి అంతయు కనబడును. నాక్స్ దిమ్మలకంటె ఇది మేలైన పరీక్ష యని నా అభిప్రాయము.

బడిలో మొద్దనిపించుకొన్నవాడు బజారులో గట్టివాడగుట మనకు క్రొత్త గాదు. బ్రెజిల్ దేశమున రెసిఫే నగరములో వీధులలో సరకులమ్ము ఐదుగురు పిల్లలను ముగ్గురు పండితురాండ్రు, పండితులు పరిశీలించి 1985లో ప్రకటించిరి. కొబ్బరికాయ వెల 35. పది కాయలకు ఎంత యని పండ్రెండేండ్ల బాలుని అడిగిరి. మూడు కాయలకు 105 అని వానికి తెలియును. మరి మూడు కలుపగా 210, మరల మూడు కలుపగా 315, ఇంకొకటి కలుపగా 350 అని చెప్పెను. పదితో గుణించునప్పుడు సున్న చేర్చుటను బడి చెప్పును; వాడు వాడిన దారి వేరు, చేరిన చోటు సరియైనదే. బజారులో వేసిన లెక్కలలో ఆ పిల్లలు నూటికి 98 సరిగా చేసిరి. ఆ అంకెలనే కాగితముమీద వట్టి లెక్కలుగా ఇచ్చినప్పుడు నూటికి 37 మాత్రమే సరియైనవి. మన దేశమునను కలకత్తా, ఢిల్లీ నగరములలో అంగళ్ళలో పనిచేయు పిల్లలు 1,400 మందికి పైగా పాల్గొన్న పరిశోధన 2025లో వెలువడి ఇట్టిదానినే చూపినది. అంతేగాక బడిలో లెక్కలు వచ్చిన పిల్లలు బజారు బేరములో తడబడుటయు అందు కనబడినది. కాబట్టి ఒక చోటి తెలివి తనంతట తాను మరియొక చోటికి నడచి రాదు.

ఆటల విషయములోను ఈ కట్టు గలదు. ఢిల్లీలోని బాలబడులలో 1,500 మందికి పైగా చిన్నపిల్లలతో సంఖ్యలకు, ఆకృతులకు సంబంధించిన ఆటలాడించి, ఆ ఫలితములను 2017లో ప్రకటించిరి. ఆటలాడిన పిల్లలకు ఏది ఎక్కువ, ఏది తక్కువ, ఏ ఆకృతి వేరు అను సహజజ్ఞానము పెరిగెను. ఆ పెంపు సంవత్సరము దాటినను నిలిచెను. కాని తర్వాత ప్రాథమిక తరగతులలో బడి గణితమునందు వారు తక్కినవారికంటె ముందంజ వేయలేదు. ఆటలోని అయిదు గింజలకును పలకమీది 5 అను గుర్తునకును మధ్య వంతెన వేయువాడు ఉపాధ్యాయుడే. ఆట ఆ పని తనంతట చేయదు. ఆటలే చాలునని ఉత్సాహముతో చెప్పువారు ఈ ఫలితమును దాటవేయుదురు, అది తగదు.

వంతెన వేయుట ఎట్లో మదనపల్లె సమీపమునందలి రిషివ్యాలీ వారు గ్రామబడులలో చేసి చూపిరి. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరినుండి అచట రూపొందించిన పద్ధతిలో పాఠ్యపుస్తకమునకు బదులు అట్టముక్కలు, ఆటలు, పాటలు నిచ్చెన మెట్లవలె వరుసగా ఉండును. ఒక మెట్టు పరిచయము, మరియొకటి అభ్యాసము, ఆపై మెట్టు పరీక్ష. పరీక్ష విడిగా గంట కొట్టి పెట్టునది గాదు. పిల్లవాడు అట్ట తీసికొని చేయుచుండగానే ముగియును. తప్పినచో దాని ప్రక్కనే సరిదిద్దుకొను అట్ట సిద్ధముగా నుండును. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలున్న ఊరిబడికి ఇది పుట్టినది. 2020 నాటి జాతీయ విద్యావిధానమును, చిన్నపిల్లల కొరకు 2022లో వెలువడిన పాఠ్యప్రణాళికా చట్రమును, వ్రాతపరీక్షకంటె పరిశీలన మేలని ఇదే దిక్కున మాటాడినవి.

పరిశీలించు ఉపాధ్యాయునికి కావలసిన సామగ్రి ఒక చిన్న నోటుపుస్తకము మాత్రమే. “గెలిచెను, ఓడెను” అని వ్రాసిన ప్రయోజనము లేదు. “రెండు మారులు చేయి వెనుకకు తీసెను; ఒంటిగింజను తానే కనిపెట్టెను; ఓడిన తర్వాత మొదటి ఎత్తు మార్చెను” అని వ్రాసికొన్నచో, రెండు నెలల తర్వాత ఆ పిల్లను చూచినప్పుడు పోల్చుటకు వీలుండును. ఆమెను ప్రక్కపిల్లతో పోల్చుటకంటె నిన్నటి ఆమెతో పోల్చుట మేలు. ఆటకు మార్కులు వేసి గోడమీద అంటించిన మరునాటినుండి ఆ ఆట ఆట గాదు. పిల్లలు సాహసించి క్రొత్త ఎత్తు వేయుట మాని, ఓడిపోని ఎత్తులే వేయుదురు.

మరియొక సంగతి. తిరువూరు వంటి సరిహద్దు పట్టణములో రెండు రాష్ట్రముల పల్లెలనుండి వచ్చిన పిల్లలు ఒకే బల్లమీద కూర్చుందురు. ఒకరి ఇంటిలో గుంటకు నాలుగు గింజలు, ఇంకొకరి ఇంటిలో ఆరు. ఒకరి పులి-మేక పలక మరియొకరు చూచియే యుండరు. ఆట తెలిసినవాడు గెలిచినచో అది అలవాటు, తెలివి గాదు. అందుచేత మొదటి రెండు, మూడు ఆటలను ఎవరును లెక్కలోనికి తీసికొనరాదు. పలక అందరికి పాతబడిన తర్వాత చూచుట న్యాయము. పదిమందిలో నోరు తెరువని పిల్లయు, నత్తి గల పిల్లవాడును ఈ పరీక్షలో ఎవరికిని తీసిపోరు. గింజలు తీయుటకు, వేయుటకు మాట అక్కరలేదు గదా.

ఇక పైన చెప్పిన రెండవ ఆటగాని పలకను మరల చూడుడు. వాని యెదుట 8, 13 గుంటల ఫలితములు మనకు తెలిసినవి, 12 ఖాళీ. 9, 10, 11, 14 గుంటలు మిగిలినవి. నాలుగింటిలోను ఏడేసి గింజలే. వీనిలో ఒకటి తీసినవానికి ఒక్క గింజయు దక్కదు. మరియొకటి తీసినవానికి ఒంటిగింజ తెచ్చిన ఎనిమిదికంటె ఎక్కువ దక్కును. అరువదిమూడు చింతగింజలు తెచ్చుకొని, కుదిరినచో గింజలు కదల్పక వ్రేలితోనే లెక్కించి, అవి ఏవో కనిపెట్టుడు.